లాభం పుస్తకంలో ఉంది, డబ్బు ఎక్కడ?

మొదటిసారి వ్యాపారంలోకి దిగుతున్నవారి ఉత్తరాలకు ఈ నెల జవాబులు. లెక్కల్లోని అంకెలకు ఏ దేశపు నాణెమూ తగిలించలేదు, మీ డబ్బులో వేసుకుని చదువుకోండి.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పదహారేళ్లుగా పంపుల మరమ్మతు విభాగంలో ఉద్యోగం. సొంతంగా పంపుల నిర్వహణ సంస్థ పెట్టాలని ఉంది. ఈ వయసులో సాహసమా? ఉద్యోగం మానేస్తేనే పని మీద మనసు నిలుస్తుందని మిత్రులు అంటున్నారు.

జవాబు: వయసు సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికాలోని కొత్త సంస్థల వివరాలను జల్లెడపట్టి అజూలే, జోన్స్, కిమ్, మిరాండా 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అన్నిటికంటే వేగంగా ఎదిగిన సంస్థలను, అంటే వెయ్యింటికి ఒకటి చొప్పున, తీసి చూస్తే వాటిని స్థాపించినవారి సగటు వయసు 45. హాస్టల్ గదుల్లో పుట్టిన కంపెనీల కథలు పత్రికలకెక్కుతాయి కనుక అవే గుర్తుంటాయి. పంపు చప్పుడు విని బేరింగ్ పోయిందో నీటిని నెట్టే ఇంపెల్లర్ చక్రం అరిగిందో చెప్పడం ఇరవై రెండేళ్లకు వచ్చే విద్య కాదు.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలకండి. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా దిగినవాళ్లు విఫలమయ్యే అవకాశం నేరుగా దూకినవాళ్లకంటే 33 శాతం తక్కువని రాఫీ, ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో చూపించారు. ఇందులో వింతేమీ లేదు. పక్కన చేసి చూసినప్పుడు కిటుకులు తెలుస్తాయి, పని జరగదని తేలినవాళ్లు అక్కడే ఆగిపోతారు. తర్వాత నైకీగా మారిన బూట్ల వ్యాపారాన్ని ఫిల్ నైట్ 1964లో బిల్ బోవర్‌మన్‌తో కలిసి మొదలుపెట్టి, 1969 దాకా వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే నడిపాడు.

మీ పనిలో ఒక చిక్కుంది. పంపు ఆగిపోయేది ఎక్కువగా పనివేళల్లోనే. పొద్దున పదకొండింటికి ఫోన్ వస్తే మీరు ఆఫీసులో ఉంటారు. కాబట్టి మొదట బ్రేక్‌డౌన్ పనులు ఒప్పుకోకండి. తేదీ ముందే అనుకుని సెలవురోజు చేసే సర్వీసింగ్ ఒప్పందాలే తీసుకోండి: గ్లాండ్ ప్యాకింగ్ (నీరు కారకుండా ఇరుసు చుట్టూ పెట్టేది), సీళ్లు, అలైన్‌మెంట్, మోటారు లాగే కరెంటు కొలిచి నమోదు చేయడం. దీనికంటే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. బయటి పని చేయకూడదన్న షరతు చాలావాటిలో ఉంటుంది. ఇప్పటి కంపెనీ ఖాతాదారుల జాబితా జోలికి పోకండి.

తర్వాత ఒక కాగితం మీద మూడు అంకెలు రాయండి. పూర్తిగా పోయినా ఇల్లు నడిచే మొత్తం ఎంత? ఎన్ని నెలలు చూస్తారు? ఆ గడువుకు కనీసం ఎన్ని ఒప్పందాలు ఉంటే ఉద్యోగం మానేస్తారు? ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి, దాన్ని మొదటి అంకెలో కలపకూడదు. ఎంత వస్తుందో ఊహించడం కంటే ఎంత పోగొట్టుకోగలమో ముందు తేల్చుకుని దిగడం ఆరితేరిన వ్యవస్థాపకుల పద్ధతి అని వ్యాపార పరిశోధకురాలు సరస్ సరస్వతి 2001లోనే రాశారు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో కొత్త వ్యాపారాల్లో ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే మూతపడుతుంది, ఐదేళ్లకు మిగిలేవి సుమారు సగం. ఆ కాగితం రాసుకున్నవాళ్లకు మూతపడటం ఒక ఖర్చు. రాసుకోనివాళ్లకు ఇల్లు గుల్ల.

ప్రశ్న: పిల్లల చెక్కబొమ్మలు నెలనెలా అద్దెకివ్వాలని ఆలోచన. ముప్పై మంది తల్లులను అడిగితే అందరూ బాగుందన్నారు. అప్పు తెచ్చి సరుకు కొనెయ్యమంటారా?

జవాబు: వద్దండీ. "బాగుంది" అనడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కాదనడానికి మొహమాటం కూడా. రాబోయేదాన్ని అడిగితే మర్యాద జవాబే వస్తుంది, జరిగినదాన్ని అడగండి. చివరిసారి బొమ్మ ఎప్పుడు కొన్నారు? ఎంత పెట్టారు? పిల్లాడు ఎన్నాళ్లు ఆడాడు? పాతవి ఏం చేశారు? పాత బొమ్మలు ఇంట్లో అడ్డంగా ఉన్నాయని వాళ్లంతట వాళ్లే విసుక్కుంటే మీకు పని ఉన్నట్టు. చుట్టాల పిల్లలకు ఇచ్చేస్తామని హాయిగా చెప్పారా, ఆ ఇంట్లో మీ అవసరం లేదు.

తర్వాత డబ్బు అడగండి. మొదటి నెల అద్దె ముందుగా, డిపాజిట్‌తో సహా. ఇరవై మందిని అడిగితే కనీసం ఐదుగురు ఇస్తేనే ముందుకు, అని అడగడానికి ముందే రాసిపెట్టుకోండి. తర్వాత రాస్తే చేయి మనకు అనుకూలంగానే తిరుగుతుంది. పన్నెండు బొమ్మలు, ఐదు ఇళ్లు, రెండు నెలలు చాలు. 1999లో ఇంటర్నెట్‌లో చెప్పులమ్మే జాపోస్ మొదలుపెట్టేటప్పుడు నిక్ స్విన్‌మర్న్ చెప్పులు కొని నిల్వ చేయలేదు. దుకాణాల్లోని జతలకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు, ఆర్డర్ వచ్చాకే వెళ్లి కొని పంపాడు. జత మీద లాభం చూసుకోలేదు, జనం చూడకుండా చెప్పులు కొంటారా అన్నదే అప్పుడు తేలాల్సిన సంగతి.

మీకు తేలాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తిరిగొచ్చిన బొమ్మను తుడిచి, ముక్కలు లెక్కపెట్టి, మళ్లీ కట్టడానికి ఎన్ని నిమిషాలు? పదింటిలో ఎన్ని ముక్క పోయి వస్తున్నాయి? తెచ్చి ఇచ్చే తిరుగుడు ఎంత? మూడో నెల డబ్బు కట్టినవాళ్లెందరు? అద్దె వ్యాపారం సాధారణంగా చితికేది గిరాకీ లేక కాదు, ఈ తిరుగు ప్రయాణం, శుభ్రం చేసే కూలి లెక్కలో వేయక.

ప్రశ్న: ఇంట్లోనే గుడ్డ సంచులు కుట్టి అమ్ముతున్నాను. ఒక్కోటి 100. నెలకు 70 దాకా పోతున్నాయి, మిగిలిపోయేవంటూ లేవు. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. గుడ్డ, దారం, జిప్పు కలిపి 42 మాత్రమే అవుతుంది, మరి 58 ఏమవుతోంది?

జవాబు: సరుకంతా అమ్ముడైపోవడం సంతోషమే కానీ, ధర తక్కువగా ఉందనడానికి అదే మొదటి గుర్తు కూడా. మీ 58ని వరుసగా విప్పుదాం. మీరు రాయని అంకెలను ఊహించి వేస్తున్నాం, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

లేబులు, కవరు: 6. పంపించే ఖర్చు, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము: 9. ఇక మీ కూలి. మీ బదులు ఇంకొకరిని పెట్టుకుంటే గంటకు 36 ఇవ్వాల్సి వస్తుందనుకోండి. సంచికి 50 నిమిషాలు పడితే కూలి 30. 42, 6, 9, 30 కలిపితే 87. వందలో ఐదు సంచులు కుట్టు వంకరపోయో మరకపడో పనికిరాకుండా పోతాయనుకుందాం. పోయిన ఒక్కో సంచిలో గుడ్డ, కూలి కలిపి 72 ఉంది. ఐదింటికి 360, దాన్ని మిగిలిన 95 మోయాలి. సంచికి దాదాపు 4. మొత్తం 91. అంటే 100కు అమ్మితే మిగిలేది 9.

ఆ తొమ్మిదిలోంచి మిషను వాయిదా, కరెంటు, ఫోను, చిల్లర మరమ్మతులు వెళ్లాలి. నెలకు ఇవి 2,600 అనుకుంటే 2,600ను 9తో భాగించండి: 289 సంచులు. అన్ని కుట్టడానికి 241 గంటలు కావాలి. నెలకు 25 రోజులు, రోజుకు తొమ్మిదిన్నర గంటలకు పైగా మిషను మీద నుంచి లేవకూడదు. మరి గుడ్డ ఎవరు కొంటారు, ఫోన్లకు ఎవరు పలుకుతారు? 70 సంచుల దగ్గర 630 మిగిలితే 2,600 కట్టాలి. తక్కువపడ్డ 1,970 మీ కూలిలోంచి పోతోంది. 70 సంచులకు 2,100 కూలి రావాలి, చేతికి అందేది 130. మీరన్న "ఏమీ ఉండటం లేదు" ఇదే.

ఇప్పుడు ధర 120 చేసి చూడండి. రుసుము కొద్దిగా పెరుగుతుంది, దాన్ని వదిలేద్దాం. సంచికి మిగిలేది 29. 2,600 దాటడానికి 90 సంచులు చాలు, 75 గంటలు. ధర ఐదో వంతు పెరిగితే కుట్టాల్సిన సంచులు మూడో వంతుకు దిగాయి. 70 మంది కొనేచోట పదిహేను మంది జారిపోయినా, మిగిలిన 55 సంచుల మీద వచ్చేది 1,595, పాత 630కి రెండున్నర రెట్లు. ధర పెంచడానికి భయపడేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు. పాత కొనుగోలుదారులకు ఫలానా తేదీ నుంచి కొత్త ధర అని రెండు వారాల ముందు చెప్పండి. సంజాయిషీలు అక్కర్లేదు.

రెండో దారి సమయం. ఒక్కో సంచీ మొదటి నుంచి చివరిదాకా కుట్టకుండా, పదింటికి గుడ్డ ఒకేసారి కత్తిరించి, పది జిప్పులూ వరుసగా వేసి, తర్వాత పక్కకుట్లు, చివర్లో ఇస్త్రీ. దారం రంగు మార్చడం, మిషను పాదం మార్చడం పదిసార్లకు బదులు ఒక్కసారితో పోతుంది. 50 నిమిషాలు 40కి దిగితే కూలి 24 అవుతుంది, 100 ధర మీదే 15 మిగులుతుంది. గడియారం పెట్టి పది సంచుల మొత్తం సమయం కొలవండి. ఒక్క సంచిని కొలిస్తే ఆ రోజు ఉత్సాహం కొద్దీ వేగంగా కుట్టేస్తారు.

ఒక హెచ్చరిక. ఖర్చు 100 మీద 30 వేసి 130కి అమ్మితే లాభం 30 శాతం అనుకుంటారు చాలామంది. అమ్మకం ధరలో అది 23 శాతమే. ఆ ధైర్యంతో పండుగకు 25 శాతం తగ్గింపు పెడితే వచ్చేది 97.50, ఖర్చు కంటే తక్కువ. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం.

ప్రశ్న: మొదట లోగో, వెబ్‌సైటు, ఆఫీసు… వీటిలో దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: బిల్లు పుస్తకంతో. చట్టం అడిగే నమోదు, లైసెన్సు తప్పనిసరి. మిగిలినవి డబ్బిచ్చే మొదటి పదిమంది వచ్చాక. ఇవన్నీ చేస్తుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది, కాదనేవాళ్లెవరూ ఎదురుపడరు. అందుకే అంత ఇష్టంగా చేస్తాం.

ప్రశ్న: ఆఫీసులకు ఫైళ్లు, నోటుపుస్తకాలు తయారుచేసి ఇస్తున్నాను. ఒక పెద్ద సంస్థ నుంచి ఆర్డర్లు మూడింతలయ్యాయి. పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది, కానీ ఈ నెల జీతాలకు డబ్బులేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ఎదుగుతున్న వ్యాపారాలకు వచ్చే జబ్బే ఇది. కాగితం కొన్న రోజు నుంచి సరుకు చేరే దాకా 30 రోజులు, ఆ తర్వాత వాళ్లు డబ్బిచ్చే దాకా 45 రోజులు, మీరు కాగితం వ్యాపారికి చెల్లించేందుకు ఉన్న గడువు 15 రోజులు అనుకుందాం. 30కి 45 కలిపి 15 తీసేస్తే 60. అరవై రోజుల పాటు వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి మీరు పెడుతున్నారు. రోజుకు 1,000 ఖర్చయితే 60,000 ఇరుక్కుంటుంది. ఆర్డరు మూడింతలైతే 1,80,000. లాభం పుస్తకంలోనే ఉంది, డబ్బు వాళ్ల దగ్గరుంది.

ఈ లెక్కను తిరగేసినవాళ్లూ ఉన్నారు. 1990లలో డెల్ ఆర్డరు వచ్చాకే కంప్యూటరు బిగించి, కొన్నవాళ్ల దగ్గర డబ్బు ముందే తీసుకుని, విడిభాగాలవాళ్లకు తర్వాత చెల్లించింది. చిన్న వ్యాపారికి అంత పట్టు ఉండదు కానీ, అరవైని నలభై చేయడం సాధ్యమే.

మూడింతల ఆర్డరుకు 40 శాతం అడ్వాన్సు అడగండి. ఇవ్వలేమంటే సరుకును నాలుగు విడతలుగా పంపి, ప్రతి విడతకూ అదే రోజు బిల్లు వేయండి. నెలాఖరున ఒకేసారి వేద్దామనుకుంటే మొదటి వారం పంపిన సరుకుకు మూడు వారాలు ఊరికే పోతాయి, ఎందుకంటే వాళ్ల 45 రోజులు బిల్లు తేదీ నుంచి మొదలవుతాయి. "45 రోజుల్లో" అని రాయకుండా చెల్లించాల్సిన తేదీనే రాయండి. కొనుగోలు ఆర్డరు నంబరు లేదనో, చిరునామాలో సంస్థ పేరు తేడా అనో బిల్లు బల్ల మీదే పడి ఉంటుంది, ఆ మాట మీకెవరూ చెప్పరు. బిల్లు పంపిన మూడో రోజు అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేసి "అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అని అడగండి. సరుకు కొనే అధికారి, చెల్లింపు పాస్ చేసే అధికారి వేర్వేరు మనుషులు. రెండోవారి పేరు మీకు తెలియాలి.

ఇక 13 వారాల పట్టిక. ఒక్కో వారానికి ఒక గడి, అందులో నాలుగు వరుసలు: చేతిలో ఉన్నది, వచ్చేది, పోయేది, మిగిలేది. నాలుగో వారంలో చేతిలో 8,000, వచ్చేది 5,000, జీతాలు 9,000, కాగితం 6,000 అనుకోండి. మిగిలేది మైనస్ 2,000. ఇది ఇవాళే కనిపించింది కనుక కాగితం సగమే కొనొచ్చు, ఒక బిల్లు ముందుగా అడగొచ్చు, బ్యాంకుతో మాట్లాడొచ్చు. జీతాల రోజు పొద్దున కనిపిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. "వచ్చేది" వరుసలో బిల్లు మీది తేదీ వేయకండి, వాళ్లు ఇదివరకు నిజంగా ఇచ్చిన తీరును బట్టి వేయండి. అమ్మకపు పన్నుగా వసూలు చేసింది మీది కాదు. వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చకపోతే తెలియకుండానే కాగితంలోకి పోతుంది.

అమ్మకాల్లో సగం ఒకరికే పోతుంటే మీది వ్యాపారం కంటే ఉద్యోగానికే దగ్గర, అదీ జీతం ఆలస్యంగా వచ్చే ఉద్యోగం. ఆర్డరు వదులుకోనక్కర్లేదు. వారంలో ఒక పూట మాత్రం కొత్త ఖాతాదారుల కోసమే ఉంచండి.

ప్రశ్న: చిన్ననాటి స్నేహితుడితో కలిసి సగం సగం వాటాతో మొదలుపెడుతున్నాం. మా మధ్య కాగితాలెందుకని అతను బాధపడుతున్నాడు.

జవాబు: స్నేహం నిలవాలనే కాగితం. మొదటి ఏడాది చివర ఒకరికి మంచి ఉద్యోగం వచ్చో, ఇంట్లో ఇబ్బంది వచ్చో వెళ్లిపోతే సగం వాటా అతనితోనే వెళ్తుంది, పని మాత్రం మీ మీద మిగులుతుంది. దీనికి వాడుకలో ఉన్న పద్ధతి, వాటాను 48 నెలల్లో సంపాదించుకోవడం. 12 నెలలు నిండకుండా వెళ్తే ఏమీ రాదు. 18వ నెల చివర వెళ్తే 50 శాతంలో 48కి 18 వంతులు, అంటే 18.75 శాతం అతనిది. షరతు ఇద్దరికీ ఒకటే కాబట్టి ఎవరినీ అనుమానించినట్టు కాదు.

ఇంకా రాయాల్సినవి: ఎవరు పెట్టిన డబ్బు వాటా, ఏది తిరిగివ్వాల్సిన అప్పు, ఎంత మొత్తం దాటితే ఇద్దరి సంతకం, ఇద్దరికీ పొత్తు కుదరకపోతే ఎవరి మాట చెల్లుతుంది. చివరిది మరిచిపోకండి, సగం సగం వాటాలో ఒకరు కాదంటే బండి కదలదు. సరుకు విషయం ఒకరిది, డబ్బు విషయం ఇంకొకరిది అని ముందే పంచుకున్నా సరిపోతుంది.

మామూలు భాగస్వామ్యమైతే చాలా దేశాల్లో అతను చేసిన వ్యాపార అప్పుకు మీ సొంత ఆస్తి కూడా జవాబు చెప్పాలి. అందుకే పరిమిత బాధ్యత కంపెనీ. సాలమన్ అనే బూట్ల తయారీదారు కేసులో 1897లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీ వేరు, దాని యజమాని వేరు అని తేల్చింది. అయితే కంపెనీ అప్పుకు బ్యాంకు మీతో వ్యక్తిగత హామీ సంతకం పెట్టించుకుంటే ఆ గోడలో మీ చేతులతోనే తలుపు తెరిచినట్టు. హామీకి గరిష్ఠ మొత్తం, గడువు రాయించుకోండి.

ప్రశ్న: చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. పని వచ్చు, కానీ ధర చెప్పేటప్పుడు గొంతు తడబడుతుంది. అవతలివాళ్లు ఏమీ అనకముందే నేనే తగ్గించేస్తాను. ఇలాంటివాళ్లకు వ్యాపారం పనికిరాదా?

జవాబు: బ్రహ్మాండంగా పనికొస్తుంది. నోటితో చెప్పలేకపోతే రాసి పంపండి. ఒకే ధర పంపకుండా మూడు పంపండి: ఒకటి, ఐదు పేజీలు; రెండు, ఐదు పేజీలతో పాటు రాత, ఫొటోలు; మూడు, ఇవన్నీ కాక ఏడాది నిర్వహణ. అప్పుడు మాట "ఇవ్వాలా వద్దా" నుంచి "ఏది" మీదకు మళ్లుతుంది. ఎదురుగా చెప్పాల్సి వస్తే అంకె చెప్పి ఆగిపోండి. ఆ నిశ్శబ్దంలో వాళ్లు ఆలోచిస్తుంటారు, మీరేమో కాదన్నారనుకుని తగ్గించేస్తున్నారు.

తగ్గించమని అడిగితే ధరతో పాటు పని కూడా తగ్గాలి. "ఆ మొత్తానికి మూడు పేజీలు చేస్తాను" అనండి. ఏమీ తీయకుండా ధర దించితే మొదట చెప్పింది ఉత్తమాటే అని మీరే ఒప్పుకున్నట్టు. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో (రెండుసార్లు సరిపోతుంది), రాత, ఫొటోలు వాళ్లు ఏ తేదీకి ఇవ్వాలో ఒప్పందంలో ఉండాలి. ఈ రంగంలో పనులు నిలిచిపోయేది చాలావరకు ఖాతాదారు రాత పంపక. అందుకే డబ్బును "పని పూర్తయ్యాక" అని ముడిపెట్టకండి: మొదలుపెట్టేటప్పుడు సగం, నమూనా చూపాక పావు, సైటును జనానికి తెరవడానికి ముందు పావు.

ఇరవై సంస్థల పేర్లు రాసుకోండి. ఒక్కోదాని సైటును మీ ఫోన్‌లో తెరిచి, నిజంగా కనిపించిన ఒక్క లోపం పట్టుకోండి. రోజుకు రెండు ఉత్తరాలు. జవాబు రాకపోతే ఐదో రోజు ఒకసారి, పన్నెండో రోజు ఒకసారి గుర్తుచేసి ఆపేయండి. ఎవరికి ఎప్పుడు రాశారు, ఏమన్నారు అన్నది పట్టికలో వేసుకుంటే "కాదు" అన్న మాట మనసులో ఉండకుండా గడిలో పడుతుంది. ఉత్తరం నాలుగు వాక్యాలు దాటకూడదు. ఇలా: "నమస్తే. మీ సైటులో 'మమ్మల్ని సంప్రదించండి' బటన్ ఫోన్‌లో నొక్కితే పనిచేయడం లేదు, ఫొటో జతచేశాను. దీన్ని సరిచేసి, సైటు మొత్తం ఫోన్‌కు తగ్గట్టు చేసి ఇవ్వగలను, ధరలు కింద ఉన్నాయి. గురువారం పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా?"